పడుగు జాగల సర్కారు తుమ్మ

నాకు రాసుడు రాదు. ముందుగాలనే చెప్తున్న, తప్పులుంటే నవ్వకుండ్రి. బడికి నాలుగో తరగతి దాక పోయిన. గా బడిల ఉర్దూనే చెప్పేది. తెలుగు అచ్చరాలు మా బాపు వాకిట్ల ఇసుక పోసి, ఏలుతోని దిద్దిచ్చి నేర్పిండు. గంతే నా సదువు. పుస్తకాలు రాసేటోళ్లు ఎట్ల మొదలువెడుతరో నాకు ఎరుకలేదు. నాలుగు ముక్కలు రాసుడు, కొట్టేసుడు, గిట్లనే పొద్దుపోతుంది. కని కోపమొస్తే నా నోరు ఆగది. ఇప్పుడు చెయ్యి సుత ఆగుతలేదు.

కోపమెందుకంటే, మొన్న మా గల్లీ చివర కొత్తగ ఇల్లు కట్టుకున్నాయన పెరట్ల వరుసగ సర్కారు తుమ్మ మొక్కలు పెడుతుండు. నేను అంగడికి పోతున్నదాన్ని ఆగి, "ఏందయ్యా, గవి పెడుతున్నవు?" అని అడిగిన.

"జల్ది పెరుగుతయమ్మా. నీళ్లు పొయ్యనక్కరలేదు, మేకలు ఆకు ముట్టయి" అన్నడు.

గవే మాటలు! గవే మాటలు ఎనుకట మా ఆయన అన్న, మా బావ నోట్లకెళ్లి ఇన్న. "జర మా ఇంటి దాక రా అయ్యా, మా పెరడు చూసి అప్పుడు పెట్టుకో" అన్న. ఆయన నవ్విండు. చెట్ల సంగతి ఆడోళ్లకేం ఎరుక అన్నట్టు నవ్విండు. గా నవ్వు చూసినంక ఇంటికొచ్చి కాయితం తీసిన.

నేను పుట్టింది గోదారవతల, నిర్మల్ దిక్కు. రజాకార్ల గడబిడ అణిగినంక నన్ను మెట్‌పల్లికి ఇచ్చిండ్రు. అటు సాలోళ్లమే, ఇటు సాలోళ్లమే, మగ్గం నేసేటోళ్లం. మా దిక్కు మాటల్ల మరాఠీ కలుస్తది, వచ్చిన కొత్తల 'ఏంది' అనే కాడ నా నోట్లకెళ్లి 'కాయ్' అని వస్తుండె. "ఏందే పిల్లా, కాకి లెక్క కాయ్ కాయ్ అంటవు" అని మా అత్త నవ్వేది. నాకు పేరుండంగ "గోదారవతలి పిల్ల" అనే పిలిచేది. గది నేను పట్టించుకోలే. పట్టించుకునేటివి వేరే ఉన్నయి.

మగ్గం పని ఎరుకలేనోళ్లకు ఒక ముచ్చట చెప్పాలె. మగ్గం ఇంట్లనే ఉంటది. కని మగ్గం మీదికి నూలు ఎక్కకముందు ఎనుక పెరట్ల పడుగు సాపాలె. పడుగంటే చీరకు నిలువుగ వచ్చే పోగులు. వాటిని పెరడంత పొడుగు గుంజి కట్టి, నడుమ నడుమ కట్టెలు ఆనిచ్చి, కుంచెతోని గంజి రుద్దుకుంట పోవాలె. గంజి పోగుకు పట్టాలె, పట్టినంక మెల్లగ ఆరాలె. ఎండల ఆరితే పోగు పెళుసైతది, మగ్గం మీద టప్ప టప్ప తెగుతది. నీడల ఆరితే మెత్తగ ఉంటది, బలంగ ఉంటది. అందుకే మా ఇండ్లల్ల పెరట్ల చెట్టు అందానికి కాదు, పండ్లకు కాదు. నీడ లేకుంటే పడుగు లేదు, పడుగు లేకుంటే మగ్గం లేదు.

మగ్గం లేకుంటే మా మొగోళ్లు ఏం చేస్తరో అందరికి ఎరుకనే. మూట కట్టుకొని షోలాపూర్ బండెక్కుతరు, మిల్లులల్ల పనికి. పోయేటప్పుడు అందరు వస్తమనే పోతరు. మా గల్లీల అట్ల పోయినోళ్ల ఇండ్లు చూడుండ్రి, మగ్గం గుంతలల్ల కోళ్లు పొదుగుతున్నయి. మా ఆయన గట్ల పోవద్దు. పెండ్లైన కాడికెళ్లి నా మనసుల ఉన్న భయం గిదొక్కటే.

మా పెరట్ల పెద్ద యాప చెట్టు ఉండె. దాని కింద పడుగు రాజా లెక్క నడిచేది. యాప పూత రాలే దినాలల్ల జర పరేషాన్ ఉండేది గని, పొద్దుగాల అత్త ఊడ్చేది, నేను కొమ్మలు దులిపేదాన్ని, పనైపోయేది. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల ఒక ఎండకాలం గాలివాన వచ్చింది. గా గాలికి చెట్టు ఏర్లతోని లేసి గోడ మీద వడ్డది. తెల్లారి చూస్తే పెరడంత ఆకాశమే. అత్త కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది. నేను సుత ఏడ్చిన.

తాటాకు పందిరి వెయ్యొచ్చు గద అంటరు. వేసినం. పందిరి ప్రతి ఏడు వెయ్యాలె. గాలికి లేస్తది, వానకు కుళ్లుతది. సాలోళ్లకు చెట్టే కావాలె. ఏ చెట్టన్నదే లొల్లి.

ఇక్కడ మా ఇండ్లల్ల ఉన్న ఒక రివాజు చెప్పాలె. మామ నేను రాకముందే పోయిండు. ఇంటికి పెద్ద మా ఆయన అన్న, అంటే మా బావ. ఆయన భార్య సుత పురిట్ల పోయింది పాపం, మల్ల చేసుకోలే. ఇంట్ల ఆడోళ్లమంటే అత్త, నేను. తమ్ముని భార్య బావ ముంగటికొచ్చి మాట్లాడొద్దు. తలుపు సాటుకు నిలవడి అత్తకు చెప్పాలె, అత్త ఆయనకు చెప్పాలె. ఆయన జవాబు అత్తకు చెప్తే, అత్త నాకు చెప్పాలె. నడుమ ఉన్నది ఒక్క తలుపు. అందరికి అన్నీ ఇనవడుతుంటయి. అయినా అంతే.

చెట్టు సంగతి మాట్లాడిన నాడు అట్లనే జరిగింది.

"అత్తా, కానుగ పెడితే మంచిదని చెప్పు" అన్న తలుపు సాటుకెళ్లి.

"ఓరి పెద్దోడా, కానుగ అంటుందిరా" అన్నది అత్త.

బావ తల్లి మొకమే చూసుకుంట, "అవ్వా, కానుగ ఎన్నేండ్లకు నీడ ఇస్తదో అడుగు" అన్నడు.

"ఎన్నేండ్లకంటుండు."

"ఐదారేండ్లు పడుతది. ముందు రెండు ఎండకాలాలు నీళ్లు పొయ్యాలె. కని ఆకు పెద్దది అత్తా. రాలితే కంటికి కనవడుతది, చేత్తోని తీసి పారేయొచ్చు. ఆకు రాలుడు సుత ఏడాదికొక్కపారే, రాలంగనే కొత్త చిగురు వస్తది. మా తల్లిగారింట్ల తాతల కాడికెళ్లి పడుగంత కానుగ కిందనే."

ఇంత చెప్తే, మా అత్త ఏమన్నదో చూడుండ్రి. "ఐదారేండ్లంట" అన్నది. గంతే! మిగిలిందంత మింగేసింది.

"ఐదారేండ్లు పడుగును నెత్తి మీద ఆరవెట్టాల్నా?" అని బావ నవ్విండు. మా ఆయన సుత నవ్విండు, అన్న నవ్విండని.

మా ఆయన మెల్లగ, "చింత పెడదామా అన్నా?" అన్నడు.

"వద్దురా" అన్నది అత్త. "చింతాకు రవ్వంత ఉంటది. తడి నూలు మీద వడితే ఎవరు ఏరుతరు?"

"మామిడి?"

"మామిడికి పురుగొస్తే బంక కారుతది, నూలంత అంటుకుంటది" అన్నడు బావ.

గింత తెలివి ఉన్నోళ్లు! చింతాకు చిన్నదని వద్దన్నరు, మామిడి బంకని వద్దన్నరు. అప్పుడు బావ గోనెసంచి ఇప్పిండు. కరీంనగర్ పోయొచ్చినప్పుడు ఎవరో పంచుతుంటే తెచ్చిండంట, తడి గోనెల సుట్టిన సర్కారు తుమ్మ మొక్కలు. "నీళ్లు వద్దు, కావలి వద్దు. మేకలు ఆకు ముట్టయి. మూడేండ్లల్ల నీడ. రోడ్ల పొంటి సర్కారే పెడుతుంది. సర్కారుకు ఎరుకలేదా, గోదారవతలి పిల్లకు ఎరుకనా?" అన్నడు. గీ ఆఖరి మాట అత్తకు చెప్పినట్టు లేదు, తలుపుకే చెప్పిండు.

తుమ్మాకు చింతాకు కంటె సన్నగ ఉంటది. ఒక్క మొక్క తీసి చేతిల పట్టుకొని చూస్తే గుడ్డోనికన్న ఎరుకైతది. ఎవరు చూడలే. నేను చూసిన, చెప్పిన. "అత్తా, ఆకు చూడమని చెప్పు." అత్త "ఊకో పిల్లా, తెచ్చిండు గద" అన్నది. తెచ్చిండంట! తెచ్చినంక పెట్టుడే. మొగోడు తెచ్చిన మొక్క ఆడది చెప్పిన చెట్టు కంటె ముందు మొలుస్తది మా ఇండ్లల్ల.

వానలు వడ్డంక మా తమ్ముడు నన్ను చూసిపోనీకి వచ్చిండు. కబురు పంపితే కానుగ మొక్కలు తడిబట్టల సుట్టి తెచ్చిండు. బాయి ఒడ్డుకు నీడల పెట్టిన. "ఏడ పెట్టాలె అత్తా?" అంటే "పెద్దోడు జాగ చెప్పనీ" అన్నది. అత్త బావను అడిగితే "చూద్దాం" అన్నడు. రోజు బట్ట తడిపిన. రోజు అత్తతోని అడిగిచ్చిన. "చూద్దాం." గా చూద్దామన్న మాటతోనే ఆకులు వాలినయి, కాడలు ఎండినయి. ఎవరు పీకలే, ఎవరు నరకలే. జాగ ఇయ్యకపోవుడు సుత ఒక తీరు నరుకుడే. గా ఎండిన కట్టెలు పొయ్యిల పెట్టుమని అత్త ఇస్తే, నాకు అన్నం తినబుద్ధి కాలే.

తుమ్మ పెరిగింది. అబద్ధం ఎందుకు చెప్పాలె, మస్తుగ పెరిగింది. మూడు నాలుగేండ్లల్ల పెరడు పొడుగుత నీడ వచ్చింది. వచ్చినోళ్లందరు "అబ్బ, ఏం నీడ" అన్నరు. బావ చెట్టు కింద మంచమేసుకొని, మీసం దువ్వుకుంట, "చూసినవా అవ్వా? కానుగైతే ఇప్పుడు మోకాలంత ఉండు" అనేది. నేను బాసన్లు తోముకుంట ఇనేదాన్ని. నీడైతే ఉన్నది.

పక్కింటి బూబమ్మ ఒక్కతే అనలే. ఆమెకు మేకలున్నయి. మనసుల ఏముంటే గది మొకం మీదనే అంటది. గోడ మీదికెళ్లి చెట్టును చూసి, "చెట్టు మంచిదే బేటీ. కని దీనికి షరమ్ లేదు. పిలువకున్నా వస్తది, వచ్చినంక పోదు" అన్నది.

"నీ మేకలు దీని కాయలు ఎట్ల తింటున్నయో చూడు బూబమ్మా" అన్న.

"తియ్యగుంటయి గద. వాటికి రోజు రంజానే" అని నవ్వింది.

ఆకు ముట్టని మేకలు కాయ ఇడిచిపెడతయా? పసుపుపచ్చ కాయలు రాలంగనే గోడ దునికి వచ్చి నమిలేటియి. గింజ అరగది. ఏడ పెంటిక ఏస్తే ఆడ మొలకనే. బాయి ఒడ్డుకు, గల్లీల, గోడ సందుల, ఆఖరికి పడుగు జాగ నడుమల.

ఇగ పడుగు ముచ్చట. తుమ్మ కింద మొదటి పడుగు సాపిన నాడు నేను గంజి కాసిన. గంజి నా పని. జొన్నపిండి ఎంత పొయ్యాలె, ఎంత చల్లారాలె, నాకు మా అవ్వ నేర్పింది. పడుగు గుంజినం, గంజి పూసినం. జర గాలి వచ్చింది. గంతే, పైకెళ్లి ఆకు రవ్వలు పిండి జల్లిన తీరు రాలినయి. తడి పోగు మీద వడ్డ రవ్వ వడ్డట్టే అంటుకున్నది. కుంచె కొడితే పోతదా? పోదు. ఇంకా లోపలికి పోతది, పోగుల నడుమ నలుసైతది. ఏరితే ఏలు మొనలకు గంజి అంటి పోగు జారుతది. ఏరినం, ఏరినం, ఆరేదాక ఏరినం. ఆరినంక చూస్తే పడుగంత చుక్కలు చుక్కలే.

మగ్గం మీద పోగులు దూరే దువ్వెన అసొంటి పన్నెకు గా నలుసు అడ్డం వడుతది, పోగు తెగుతది. మా ఆయన అతుకుడు, నేసుడు, అతుకుడు. చీర దిగినంక బట్ట తీసుకునే సేటు ఎలుతురుకు పట్టి చూసిండు. "ఏం సాలాయనా, చీరల నువ్వులు చల్లినవా?" అన్నడు. దుకాణంల ఉన్నోళ్లందరు నవ్విండ్రంట. మా ఆయన చీర సంకల పెట్టుకొని ఇంటికొచ్చి, మగ్గం గుంతల దిగి కూసున్నడు.

బావ ఏమన్నడో ఎరుకనా? "అవ్వా, గంజి సక్కగ కాస్తలేదు. చిక్కగ కాస్తే నలుసులే వడుతయి. దానికి చెప్పు."

నా గంజి! నా గంజిని అన్నడు! నెత్తి మీద ఆకు రాలుతుంటే కింద ఉన్న గంజిని అన్నడు. అత్త వచ్చి నా కుండ కాడ నిలవడ్డది. "జర పలుసగ కాయే పిల్లా." పలుసగ కాసిన. పోగుకు పట్టలే, మగ్గం మీద అంత తెగింది. "పలుసగ కాసింది, చెప్పు దానికి" అన్నడు బావ. మల్ల చిక్కగ. మల్ల పలుసగ. ఒక ఏడాదంత నా గంజి మీదనే పంచాయతి. ఊడ్చుడు సక్కగ లేదన్నరు, కుంచె పాతదైందన్నరు, నూలే మంచిగ లేదన్నరు. చెట్టు దిక్కు మాత్రం ఒక్కరు తల లేపలే.

ఒకనాడు తడి పోగు మీదికెళ్లి ఆకు రవ్వను గోరుతోని తీసి అత్త అరచేతిల పెట్టిన. "గిది గంజినా అత్తా?" అన్న. అత్త కండ్ల దగ్గరికి పెట్టుకొని చూసింది. ఎనుకట చింతాకు వద్దన్నది ఆమెనే గద, ఆమెకు ఎరుకగాదా? చీరకు తుడుచుకొని లోపలికి పోయింది. పెద్దకొడుకును ఏమంటది. గప్పుడు నాకు బావ మీద కంటె ఆమె మీద ఎక్కువ కోపమొచ్చింది. ఎరుక లేనోళ్లది ఒక తీరు. ఎరుకై నోరు మూసుకున్నోళ్లది ఇంకో తీరు.

గీ లొల్లి ఉండంగనే ముల్లు దిగింది. మా ఆయన పడుగు గుంజుకుంట ఎనుకకు నడుస్తుంటే, పడుగు జాగల మొలిచిన పిల్ల తుమ్మ ముల్లు కుడి కాలు అడుగుల దిగి మొన ఇరిగింది. పిన్నీసుతోని నేనే తీసిన. తీసినమనుకున్నం. రెండోనాటికి కాలు సొరబుర్ర లెక్క ఉబ్బింది. ఆముదం ఆకు ఏడి చేసి కట్టినం, పసుపు పెట్టినం. మా మగ్గం గుంత మగ్గం, గుంతల కూసొని కింద తొక్కుడు కట్టెలను కాళ్లతోని తొక్కాలె. ఉబ్బిన కాలుతోని ఏం తొక్కుతడు? మగ్గం ఆగింది. పోగుల నడుమ అటిటు పారే నాడె మీద దుమ్ము వడ్డది. పొద్దుగాల లేస్తే మగ్గం సప్పుడు లేని ఇల్లు ఎట్లుంటదో సాలోళ్లకే ఎరుక.

గట్ల ఉండంగ ఒకనాడు పొద్దుగాల బావ తుమ్మ నీడల మంచమేసుకొని చుట్ట తాగుతుండు. అత్త చాటల బియ్యం చెరుగుతుంది. మా ఆయన కాలికి కట్టుతోని గడప మీద కూసున్నడు. నేను పెరట్ల పొయ్యి కాడ ఉన్న.

"అవ్వా," అన్నడు బావ, "కాలు మానంగనే తమ్మున్ని షోలాపూర్ తోలుదాం. మన మేనమామ కొడుకు ఆడ మిల్లుల ఉన్నడు గద, కబురు పంపిన. ఈడ పడుగు సక్కగ నడుస్తలేదు. ఇద్దరం కూసొని ఏం చేస్తం?"

మా ఆయన తల వంచుకున్నడు. అన్న మాటకు ఎదురు చెప్పుడు ఆయనకు చిన్నప్పటికెళ్లి లేదు. నా చేతిల గరిటె చేతిలనే ఉన్నది. నేను తలుపు సాటుకు పోవాలె, అత్తను పిలువాలె, అత్త సగం మింగి సగం చెప్పాలె. గదంత అయ్యేసరికి మా ఆయన షోలాపూర్‌ల దిగుతడు. పోయి బావ మంచం ముంగట నిలవడ్డ.

"బావా, చెట్టు పోతదా, మనిషి పోతడా? చెప్పు" అన్న.

అత్త చాట ఆగింది. బావ నా దిక్కు చూడలే. చుట్టను చూసుకుంట, "అవ్వా, దానికి చెప్పు. పెద్దోని ముంగటికొచ్చి మాట్లాడుడు మన ఇంట్ల లేదని చెప్పు" అన్నడు.

"ఇంట్ల మొగోన్ని షోలాపూర్ తోలుడు సుత మన ఇంట్ల లేకుండె బావా. అది నువ్వు పెట్టిన రివాజు. ఇది నేను పెడుతున్న."

"గంజి కాయరాదు గని అవ్వా, నోరు చూడు—"

"గంజి మాట తియ్యకు!" ఎంత గట్టిగ అన్ననో, బూబమ్మ గోడ మీదికెళ్లి తల లేపింది. "నా గంజి యాప చెట్టు కింద మంచిగనే ఉండె. నీ తుమ్మ కిందికి రాంగనే చెడిపోయిందా? చింతాకు చిన్నదని వద్దంటిరి. గీ ఆకు ఎంతున్నదో ఒక్కనాడన్న చేతిల పట్టుకొని చూసినవా? నీళ్లు వద్దన్నవు, కావలి వద్దన్నవు. నిజమే, దానికేం వద్దు. మన పెరడు, మన పడుగు, నీ తమ్ముని కాలు, గంతే కావాలె దానికి!"

బావ లేసి నిలవడ్డడు. "అవ్వా! ఇంటున్నవా? చెప్పు దానికి!"

అత్త చాట కింద పెట్టింది. "నేనేం చెప్తరా? ఇన్నేండ్లు అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసి నా నోరు అరిగింది. దాని మాట నీకు ఇనవడుతుంది, నీ మాట దానికి ఇనవడుతుంది. మీరు మీరు తెల్సుకోండ్రి. నాకైతే చిన్నోడు ఈడనే ఉండాలె."

"షాబాష్ సాలమ్మా!" అన్నది బూబమ్మ గోడ మీదికెళ్లి. "ఇయ్యాల నోరు తెరిచినవు."

ఇద్దరాడోళ్లు ఒకటైనంక బావ చెట్టు దిక్కు తిరిగి, "నరుకుతే నీడ ఏడికెళ్లి తెస్తరో తెండ్రి. నేను చెయ్యి పెట్ట. వానకాలం అయిపోయేదాక చూస్త. పడుగు సక్కగ సాగకుంటే తమ్ముడు బండెక్కుడే" అన్నడు. ఎవరికి చెప్పిండో నాకు ఇప్పటికి ఎరుకలేదు. మనుషులకైతే చెప్పలే.

నరుకుడు పెద్ద పని కాదు. మా ఆయన కుంటుకుంట గొడ్డలి పట్టిండు, నేను కొమ్మలు గుంజిన, చేతులంత గీరుకపోయినయి. కట్టె మంచిగ మండింది, గంత వరకు నిజం చెప్పాలె. వారం రోజులల్ల పెరడు సాఫ్. నేను సంబురపడ్డ. ఒక్క వాన వడ్డదో లేదో, నరికిన ప్రతి మొద్దుకు గుత్తులు గుత్తులుగ చిగుర్లు. ఒక్క చెట్టు ఉన్న కాడ పది మొలిచినయి. బావ తాపీగ చుట్ట ముట్టిచ్చుకొని, "చెట్టు పోతదా, మనిషి పోతడా అని అడిగింది గద" అన్నడు గాలికి. గా మాటకు నాకు వచ్చిన కోపం రాయనీకి నా తాన అచ్చరాలు లేవు. గా కోపంతోనే గడ్డపార పట్టిన.

మొద్దు సుట్టు తవ్వాలె. తవ్వుతే ఏరు పక్కకు పోతది, దాని ఎంబడి తవ్వాలె, అది బాయి దిక్కు పోతది. ఏరు నరికి, మొద్దును తాడు కట్టి గుంజాలె. మా ఆయన కాలు నొస్తుందంటె "కూసొని తవ్వు" అన్న. బూబమ్మ గోడ దిగి వచ్చింది. "నా మేకలు ఏసిన గింజలు గద, నేను సుత తవ్వుత" అన్నది. తవ్వుకుంట మేకలను తిట్టింది, చెట్టును తిట్టింది, చెట్టు పంచినోళ్లను తిట్టింది. మధ్యల నన్ను సుత తిట్టింది, "గీ నోరు ఆనాడే తెరిస్తే నా నడుము బతుకు గద" అని. అత్త అంబలి తెచ్చి ఇచ్చి, ఆమె సుత చిన్న చిన్న మొలకలు పీకింది. గోదారవతలి పిల్లా అనలే ఆ దినాలల్ల. బావ మాత్రం మంచం ఇంట్లకు జరుపుకున్నడు.

పెరడు సాఫైనంక తాటాకు పందిరి ఏసినం. ఏడాదికొకసారి ఏసుకోవాలె, ఏసుకుంటం, ఏం చేస్తం. దాని కింద పడుగు సాపిన నాడు నేను గంజి కాసిన, మా అవ్వ నేర్పినట్టే. గాలి వచ్చింది. పైకెళ్లి ఏం రాలలే. పోగు పోగు ఏడిది ఆడ ఉన్నది. మా ఆయన గుంతల దిగి తొక్కుడు కట్టె మీద కాలు పెట్టిండు, పండ్లు బిగవట్టి తొక్కిండు. చీర దిగినంక సేటు ఎలుతురుకు పట్టి చూసి, మడతవెట్టుకున్నడు.

పందిరి అంచులకు కానుగ పెట్టినం. ఈపారి జాగ ఎవరిని అడుగలే. బాసన్లు కడిగిన నీళ్లు, గంజి కుండ కడిగిన నీళ్లు పోసి పెంచుతున్న. ఇప్పుడు నా భుజాల దాక వచ్చినయి. మొన్న హుస్నాబాద్ దిక్కుకెళ్లి చుట్టాలు వస్తే బావ వాటిని చూపెట్టుకుంట, "సాలోళ్ల పెరట్ల కానుగనే ఉండాలె, నేనే పెట్టిచ్చిన" అని చెప్పుతుండు. నేను లోపల గరిటె కింద కొట్టిన, ఆయనకు ఇనవడేటట్టు.

తుమ్మ పోయిందనుకోకుండ్రి. ప్రతి వానకు మొలుస్తది, ప్రతి వానకు పీకుతున్న. పెట్టినోడు ఒక్క పొద్దు పెడుతడు, పీకేటోళ్లు బతుకంత పీకాలె. గిది ఏ ఇన్సాఫో, ఏ నాయమో నాకు ఎవరన్న చెప్పుండ్రి.

తుమ్మ నరికిన వానకాలం ఎళ్లినంక షోలాపూర్ నుంచి బావ మేనమామ కొడుకు వచ్చిండు, మా ఆయనను తోలుకపోనీకి. మిల్లు బట్టలు తొడుక్కొని, నెత్తికి నూనె పెట్టుకొని మంచిగున్నడు. "నడువు, పని మాట్లాడిన" అన్నడు. బావ నేల చూసిండు. నేను తలుపు సాటుకు పోలే, నడింట్లనే నిలవడ్డ. మా ఆయన మగ్గం గుంతలకెళ్లి తల లేపకుండనే, "మగ్గం మీదికి పడుగు ఎక్కింది. నడుమల ఎట్ల ఇడిచిపెట్టాలె? ఇది దిగినంక చూద్దాం" అన్నడు.

షోలాపూర్ నుంచి వచ్చినాయన రెండు రోజులుండి, మంచిగ తిని పోయిండు. ఏడాదికోమాటు వస్తడు, అడుగుతడు. మా ఆయన గదే చెప్తడు. ఒక పడుగు దిగకముందే నేను ఇంకో పడుగుకు గంజి కాస్త.